బెల్టు దగ్గర ఊడిన కనెక్టర్

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. బస్తర్‌లో ఒక ఇనుప గనిలో కెమెరాలు బిగించేవాణ్ని. ఖనిజం మోసే బెల్టు బాగా అదురుతుంది కాబట్టి, అక్కడి కెమెరా వైరుకు నొక్కి బిగించే కనెక్టరే వేయాలి. పని త్వరగా అయిపోతుందని నేను చేత్తో తిప్పే రకం వేశాను.

మర్నాడు ఆగిన బెల్టును మళ్లీ నడపబోతుండగా కంట్రోల్ రూములో బెల్టును చూపించే తెర నల్లబడింది. సూపర్‌వైజర్ ఫోన్లో "జల్దీ చాలూ కరో" అంటూ త్వరగా నడపమని తొందరపెడుతున్నాడు.

ఆపరేటర్ సత్యవతిగారు నావైపు తిరిగి, "బెల్టు మీద ఎవరైనా ఉన్నారేటి బాబూ?" అన్నారు.

"ఎవరూ లేరండి" అనబోయి ఆగాను.

"తెలీదండి. కనెక్టర్ ఊడినట్టుంది, తప్పు నాదే. నేను చూసొచ్చేదాకా బటన్ నొక్కకండి" అని పరుగెత్తాను.

బెల్టు మీద కూలీ బుధ్రామ్ వంగి, ఇరుక్కున్న రాయిని లాగుతున్నాడు. వెంటనే కిందికి దిగమని కేకేశాను.

తెలియదని ఒప్పుకోవడానికి ఆ క్షణంలో సిగ్గుపడ్డాను. ఒప్పుకోకపోయి ఉంటే అన్న ఊహకే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.