చెవులతో చూసే సినిమా

బోధన్ బస్సు కదలకముందు గోడమీద పోస్టర్ చూపిస్తూ, ఆ హీరో కళ్లతోనే నటిస్తాడని పక్క సీటు ఆవిడతో అన్నాను. ఆమె నవ్వింది.

"కండ్లు మేమేడ సూస్తమక్కా? టీవీ పెట్టుకొని బీడీలు చేస్తం. సూపంత చాటల ఆకుమీదనే ఉంటది. సినిమా ఇంటం, గంతే. ఆయన గొంతు ఇంటే మా వాడకట్టంత ఏడుస్తది."

అతనికి తెలుగు రాదనీ, ఆ గొంతు మరొకరిదనీ గొప్పగా చెప్పేశాను. వెంటనే, ఎందుకు చెప్పానా అనిపించింది.

ఆమె మళ్లీ పోస్టర్ వైపు చూసింది. "అయితే మాకు నచ్చినోడు గాయననే. ఆయన పేరేంది?"

ఆ హీరో ప్రతి సినిమా మొదటిరోజే చూసినదాన్ని. తెరమీద ఆ గొంతు ఇచ్చినాయన పేరు మాత్రం నేనెప్పుడూ చదవలేదు.