సొంత విమానం

కోటప్పకొండ తిరునాళ్లలో మా ఊరి ప్రభ దగ్గర పాడటానికి ఒక రాక్ బ్యాండ్ ఒప్పుకుంది. వాళ్లు సొంత విమానంలో వస్తారని, కమిటీ పెద్ద అయిన మా పెదనాన్న పక్క ఊరి వాళ్ల ముందు మీసం మెలేశాడు. నాయకుల హెలికాప్టర్లు చూసిన అలవాటుతో, పొలంలో సున్నంతో గుండ్రం గీయించి మేళంతో నిలబడ్డాడు.

విమానం గన్నవరం ఎయిర్‌పోర్టులోనే దిగింది. బ్యాండ్ కారులో వచ్చింది.

"ఏంది బాబాయ్, రెక్కలు దారిలో ఊడినయ్యా?" అన్నారు పక్క ఊరి వాళ్లు.

పెదనాన్న ముఖం మాడిపోయింది. "విమానం మీదేనని వీళ్లకు చెప్పు నాయనా!" అన్నాడు గాయకుడితో.

"అంటే... టూర్ కోసం అద్దెకి..." అని అతను నసిగాడు.

"ఒరేయ్, మేళం వాయించండ్రా!" అని పెదనాన్న కేకేశాడు.

ఆ అద్దె మాట మేళం హోరులో కలిసిపోయినా, పక్కనే ఉన్న నాకు మాత్రం వినబడింది. పెదనాన్న నా వంక గుడ్లురిమి చూశాడు. మర్నాటి పేపరుకు నేను పంపిన తిరునాళ్ల వార్తలో విమానం ఊసే లేదు. విలేకరికి వార్తలు రోజూ దొరుకుతాయి, పెదనాన్న ఒక్కడే కదా!