టిబెండెరానా డాక్టరు గారి అనుమానం

టిబెండెరానా డాక్టరు గారికి ఈ లోకంలో నమ్మదగ్గ వస్తువు ఒక్కటీ దొరకలేదు. ఎంబరారా ఆసుపత్రిలో రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్లో కేన్సరుందేమో పరీక్షించే గది ఆయనది. పొద్దున్నే ఎవరైనా పలకరిస్తే, నిజంగా తెల్లవారిందో లేదో కిటికీలోంచి చూసుకుని గాని జవాబు చెప్పేవారు కారు.

ఆయన కింద పనిచేసే అషాబాకి ప్రాణం విసిగిపోయింది. మైనంలో బిగించిన ముక్కని ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ళ పళ్ళెంలో తేల్చి, గాజు పలక మీదకి ఎత్తడం ఆమె పని. ఎంత ఒద్దికగా చేసినా ఆయనకి ఏదో ఒక సందేహం. ఆమె పెళ్ళికొచ్చి, శుభలేఖలో అచ్చయిన పేరు నీదేనా అని పెళ్ళికొడుకునే అడిగిన మనిషి ఆయన.

ఆసుపత్రికి లేజరు మైక్రోస్కోపు వచ్చింది. ముక్కని పొర పొరగా, లోతులతో సహా చూపిస్తుందట. పాస్టరు గారు ప్రార్థన చేశారు, అందరూ పక్కన నిలబడి ఫొటోలు దిగారు. డాక్టరు గారు మాత్రం కొత్త అల్లుణ్ణి చూసిన మామగారిలా దాని చుట్టూ తిరిగి, "ఇంత అందంగా చూపిస్తోందంటే ఏదో దాస్తోంది," అన్నారు.

అప్పుడే బస్టాండు దగ్గర కూర అరటిగెలలు అమ్మే కెమిగిషా రొమ్ములో గడ్డ తేలింది. సర్జనుకి తొందరెక్కువ. తానే వచ్చి, గడ్డలోంచి తీసిన ముక్కని పాత మైక్రోస్కోపులో చూశాడు. కేన్సరు కణాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. మర్నాడే రొమ్ము తీసేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

డాక్టరు గారు పలకని అటూ ఇటూ తిప్పారు. "ఈ ముక్క ఆవిడదేనా?"

అషాబాకి ఒళ్ళు మండింది. "నా చేతులతో కోశానండీ."

"అందుకే అడుగుతున్నా."

పలకని లేజరు కింద పెట్టి ఒక్కో పొరే దిగారు. కేన్సరు పై పొరలోనే ఉంది. కిందికి దిగేసరికి మాయమైంది. అక్కడున్నది మామూలు గడ్డ. కేన్సరు ముక్క కెమిగిషాలో పుట్టింది కాదు, ఎక్కణ్ణుంచో వచ్చి పైన వాలింది.

అషాబా నీళ్ళ పళ్ళెం వైపు చూసింది. అంతకు ముందరి రోగి ముక్కలు తేల్చాక ఆ పళ్ళెం తుడవడం మరిచిపోయింది తనే. డాక్టరు గారు లేజరునీ నమ్మక, తెల్లవారేదాకా మైనం దిమ్మని మళ్ళీ మళ్ళీ కోయించారు. ఒక్కదాంట్లోనూ కేన్సరు లేదు.

ఆయన సర్జనుకి ఫోను చేశారు. పళ్ళెంలో నలక ఉండిపోయిందనీ, తాను చూసుకోలేదనీ చెప్పి, అతను తిట్టిన తిట్లన్నీ ఓపిగ్గా విన్నారు. అషాబా ఏదో అనబోతే ఆపేశారు.

"నిన్ను అనుమానించడం వరకే నా పని. పట్టివ్వడం కాదు."

తర్వాత వార్డుకి బయల్దేరారు. అషాబా వెనకే వెళ్ళింది. కెమిగిషా ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. నిన్న తీసేస్తామన్నారు, ఇవాళ వద్దంటున్నారు, అసలు మీరెవరు, మీ మాట నేనెందుకు నమ్మాలి అని నిలదీసింది.

డాక్టరు గారి ముఖం వెలిగిపోయింది. స్టూలు లాక్కుని కూర్చుని, మైనం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పారు. ఆవిడ అడ్డుపడిన ప్రతిచోటా ఆగి, మళ్ళీ మొదటికొచ్చారు. భోజనాల వేళ దాటిపోయింది. చివరికి కెమిగిషా కళ్ళు తుడుచుకుంది.

"సరే డాక్టరు గారూ, నమ్ముతున్నాను."

"అప్పుడే నమ్మకమ్మా," అన్నారాయన స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని. "ఇంకేమైనా అడుగు."