పైపు దులిపే చప్పుడు

ఏలూరులో పాత సామాన్ల కొట్లో ఒక పొగాకు పైపు కొన్నాను. ఇలాంటిది బాగుచేయడం నాకు ఇదే మొదలు. స్పిరిట్‌లో ముంచిన దూది లోపలికి దూర్చగానే వచ్చిన కాలిన పొగాకు వాసన నన్ను కలిదిండిలో మా చేపల చెరువు దగ్గరికి లాక్కుపోయింది.

అందరూ చుట్ట కాల్చే ఊళ్లో మా నాన్నగారు దొరలా పైపు కాల్చేవారు. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నాన్న కోపం ముందుగా ఏదో ఒక చప్పుడుతో తెలిసేది. మా ఇంట్లో అది పైపుది. అరుగు అంచుకు రెండుసార్లు కొట్టి బూడిద దులిపారంటే చేతులు ఖాళీ అయినట్టే. అన్నయ్య తూము తలుపు వేయడం మరిచిపోయి చేపలన్నీ కాలవలోకి పోయిన రోజున, వలతాడుతో వాడి వీపు చిట్లేదాకా బాదారు. "ఏవండీ, చచ్చిపోతాడండీ" అని అడ్డొచ్చిన అమ్మ చెయ్యి విరిచేశారు. తర్వాత తాపీగా పైపు వెలిగించుకున్నారు.

ఇవాళ లోపల గట్టిపడిన మసి ఎంతకీ ఊడలేదు. విసుగొచ్చి పైపును బల్ల అంచుకు రెండుసార్లు కొట్టాను.

ఎదురుగా పేపరు చదువుతున్న అన్నయ్య రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. అరవై దాటినవాడు. కాసేపటికి చేతులు దించి, మెల్లగా అన్నాడు.

"కొట్టకురా. చాకుతో గోకు."