గోడకెక్కిన రహస్యం

వాల్వు బాబాయి కుడిచేతి సత్తా గురించి రెండు వీధుల్లోనూ కథలున్నాయి. ఆయన బిగించిన వాల్వుని విప్పడానికి ఒకసారి ఆరుగురు వస్తాదులు వచ్చి, సాయంత్రానికి భుజాలకు కట్లు కట్టించుకుని వెళ్ళారట. ఇంకోసారి చిరాకులో అర చుట్టు ఎక్కువ తిప్పితే నది నాలుగంగుళాలు వెనక్కి పొంగిందట. ఇవన్నీ కోతలని కొట్టిపారేసేవాళ్ళు కూడా ఒక్క సంగతి మాత్రం ఒప్పుకుంటారు. నలభై ఎనిమిదో ఏట ఆ చేత్తోనే పుస్తకం పట్టి, బాబాయి అంతర్జాతీయ సంబంధాల్లో ఎం.ఏ.కి కూర్చున్నాడు.

ఆయన ఉద్యోగం నీటి సరఫరా శాఖలో. పైపు ఒకటి, వీధులు రెండు. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా పై వీధికి, ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా కింద వీధికి. ఆయన రాకముందు ఆ రెండు వీధులూ ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి కావు, చూసుకుంటే బకెట్లు లేచేవి. ఆయన వచ్చి చేసింది ఒక్కటే పని. ఎవరికి ఎంతసేపు, ఎందుకంతసేపు, ఏ రోజు మోటారు చెడిందీ అన్నీ కాగితం మీద రాసి, వాల్వు గది గోడకి అంటించాడు.

"కాగితం నా జేబులో ఉంటే నన్ను అనుమానిస్తారు. గోడ మీదుంటే గోడతో తేల్చుకుంటారు" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా గోడతో ఎవరూ తగువు పడలేదు.

ఒకనాడు పేపర్లో, ఒక నది కోసం రెండు దేశాలు ముప్పై ఏళ్ళుగా కొట్టుకుంటున్నాయని చదివి, కుట్టుమిషను ముందున్న భార్యతో అన్నాడు.

"ఏమే, ఇంతమంది చదువుకున్నోళ్ళు ముప్పై ఏళ్ళు కూచున్నా తెగలేదంట. మన వాల్వు కంటే పెద్ద సంగతా ఇది?"

"నది కదండీ, కాస్త పెద్దదే అయ్యుంటుంది."

"ఎంత పెద్దదైనా నీళ్ళేగా!"

"అంత సరదాగా ఉంటే వెళ్ళి చదువుకోండి. నా చెవులు మాత్రం తినకండి."

ఆవిడ విసుక్కున్న మాటని ఆయన అనుమతిగా తీసుకున్నాడు. పాత బి.ఏ. పట్టా దుమ్ము దులిపి, మర్నాడే సాయంకాలపు కళాశాలలో చేరాడు. రెండేళ్ళ చదువది. ఎంత లాగినా ఐదేళ్ళలో ముగించాలి, లేకపోతే రాసినవన్నీ రద్దు. సిద్ధాంతాల పేపరు ఆయన్ని మూడుసార్లు ఎత్తి కుదేసింది. నాలుగోసారి ఆయనే దాన్ని కుదేశాడు. అలా ఒక్కొక్కటీ లాక్కుంటూ వచ్చేసరికి ఐదో ఏడు చివరికొచ్చింది. మిగిలింది నమూనా చర్చల పరీక్ష. నలభై మార్కులు, ఇరవై వస్తే గట్టెక్కినట్టు.

"ఇది పోతే?" అని అడిగింది భార్య, ఆ రోజు చొక్కా ఇస్తూ.

"మళ్ళీ మొదటినుంచి."

"అమ్మో! ఆ సిద్ధాంతాలన్నీ మళ్ళీ నాకే అప్పజెబుతారా? పాసయ్యే రండి, మీకు దండం పెడతా."

పరీక్ష గదిలో రెండు ఊహా దేశాలు, మధ్యలో పొడుగాటి బల్ల. ఎగువ దేశం జట్టుకి నాయకుడు బాబాయి. దిగువ దేశం జట్టుకి కళ్ళద్దాల పిల్ల, తరగతిలో మొదటి ర్యాంకు. ఆ పిల్ల వాదిస్తే ఫ్యాను కూడా ఆగి వింటుందని పేరు. పరీక్ష పెట్టే మేడం ఎవరి కవరు వాళ్ళకిచ్చింది. తమ దేశానికి నిజంగా ఏం కావాలో, ఎంతవరకు తగ్గొచ్చో అందులో ఉంటుంది. అవతలివాళ్ళ కంట పడకుండా మూడు గంటలు బేరమాడాలి.

బాబాయి కవరు చింపి, కాగితం చదివి, బల్ల మీది టేపు ముక్క తుంచి, లేచి వెళ్ళి దాన్ని బోర్డుకి అంటించాడు. నాలుగు మూలలా వేలితో నొక్కాడు కూడా.

గది గదంతా నోరు తెరిచింది.

"బాబాయ్! అది రహస్యం!" అన్నాడు పక్క కుర్చీ కుర్రాడు.

"ఎవరికి?"

"వాళ్ళకి!"

"నీళ్ళు పంచుకోవాల్సింది వాళ్ళతోనే కదరా?"

అనేశాక గాని ఆయనకి తట్టలేదు. మేడం ఎర్ర పెన్ను తీసి ఏదో రాస్తోంది. ఐదేళ్ళ చదువూ పోయేలా ఉంది. కాగితం పీకబోయాడు.

"ఉండండి బాబాయ్, నేనింకా చదవలేదు" అంది కళ్ళద్దాల పిల్ల. దగ్గరికొచ్చి చదివింది. వానాకాలంలో నీళ్ళు ఆపుకోవాలి. ఎండాకాలంలో కరెంటు కోసం ఎలాగూ వదలక తప్పదు, కాని ఆ మాట బయటపెట్టకుండా, వదిలినందుకు ప్రతిఫలంగా దిగువవాళ్ళ ఓడరేవు వాడుకునే హక్కు రాబట్టాలి.

"ఇంకేం, మనం గెలిచాం! నోరు మూసుకుని కూచో" అని గుసగుసలాడారు ఆమె జట్టువాళ్ళు.

ఆ పిల్ల ముక్కు మీద కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఆయన కాగితం చూసేసి నాది దాచుకుంటే కాపీ కొట్టినట్టుంది. నా ర్యాంకుకి ఆ పేరొద్దు." తన కాగితం తెచ్చి పక్కనే అంటించింది. వానాకాలంలో వరద భయం. ఎండాకాలంలో పొలాలకి నీళ్ళు. ఓడరేవు ఇచ్చినా నష్టం లేదు.

చర్చలు పద్దెనిమిది నిమిషాల్లో ముగిశాయి. అందులో ఆరు నిమిషాలు టీలు తాగారు.

మేడం తల పట్టుకుంది. "గోప్యతకి పది మార్కులు, మీకు సున్నా. వాదనకి పది. మీరు వాదిస్తే కదా! జాలిపడి రెండు. ఒప్పందానికి పదికి పది, కాదనలేను. ఇక అమలు. చెప్పండి, ఆ డ్యాము గేటు ఎత్తేదెవరు? ఎత్తారని నమ్మేదెవరు?"

చేతిలో పన్నెండు. కావాల్సినవి ఇంకో ఎనిమిది. ఇంతకు ముందు ఏ ప్రశ్నకీ నాలుగు వాక్యాలు దాటని బాబాయి, కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"దిగువ మనిషి ఒకడు ఎగువ గేటు దగ్గరే కూచోవాలమ్మా, జీతం ఎగువవాళ్ళే ఇవ్వాలి. ఎగువ మనిషి దిగువ చివరి కాలవ దగ్గరుండాలి. ఆ చివరి మడికి నీళ్ళు అందాయని అతను ఫోను చేశాకే గేటు దించాలి. యంత్రం చెడితే, బాగుచేసేవాడికంటే ముందు కింది వాళ్ళకి కబురెళ్ళాలి. ఆలస్యానికి ఎవరూ కొట్టుకోరు. చెప్పకపోతేనే కొట్టుకుంటారు."

నలభై నిమిషాలు చెప్పాడు. గేటు తుప్పు పడితే ఏ నూనె వెయ్యాలో, కొత్తగా వచ్చిన కాపలావాడు మొదటి వారం ఎందుకు నిద్రపోతాడో కూడా చెప్పాడు. మేడం రాసుకోవడం మానేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. చివరికి ఎర్ర పెన్నుకి మూత పెట్టి, నీలం పెన్నుతో పది వేసింది.

"ఇరవై రెండు. పాసయ్యారు. కానీ మిమ్మల్ని రాయబారిగా పంపిన దేశం దివాలా తీస్తుందండీ, రాసిస్తాను."

"తియ్యనివ్వండమ్మా, తగువైతే తీరుతుందిగా" అన్నాడు బాబాయి. మేడం కూడా నవ్వేసింది.

ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. కుట్టుమిషను ఆగింది.

"ఎన్ని?"

"ఇరవై రెండు. డాక్టరేటుకి ఏడేళ్ళిస్తారట, దరఖాస్తు కూడా తెచ్చా."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. కొలత టేపు మెడలోంచి తీసి ఆయన నడుము చుట్టూ తిప్పింది.

"కదలకండి. పట్టా పుచ్చుకునే రోజుకి కొత్త చొక్కా కుట్టాలి. పాత కొలత పనికొచ్చేలా లేదు, ఐదేళ్ళు కూచుని చదివి పొట్ట పెంచారు."

"అది పొట్ట కాదే, చదువు."

"అయితే ఆ చదువుకి రెండంగుళాలు వదులు పెడతాను" అని పెన్సిలు చెవి మీంచి తీసింది.