ఆరో తెల్ల అంగీ

ఈ సాయంత్రం గండిపేటలో మేముండే అపార్ట్‌మెంట్ల ఈతకొలనులో మా నాలుగేళ్ల అమ్మాయికి మొదటి ఈత పాఠం. పిల్ల పై మెట్టు మీద కూర్చుంది, ఇక దిగలేదు. తోటి పిల్లలంతా కప్పల్లా గెంతుతుంటే ఇది మోకాళ్లు పట్టుకుని నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. "ఒక్కసారి ఎత్తి వేసేద్దాం మేడమ్, భయం అదే పోతది" అని కోచ్ నవ్వాడు. గట్టున ఉన్న తల్లులంతా అవునన్నారు. నేను మాత్రం పిల్ల బడిలోనూ ఇలాగే వెనకబడుతుందేమోనని మొదలుపెట్టి, అరనిమిషంలో దాని పెళ్లి దాకా ఆందోళన పడిపోయాను. కానీ నోటి వెంట వచ్చిన మాట మాత్రం "వద్దు, దాన్ని ఆగనీయండి" అని. ఆ మాట నాది కాదు, మా తాతది. ఇప్పుడు పిల్ల హాయిగా నిద్రపోతోంది. మా అవ్వ నీళ్లలో దిగిన ఆ పొద్దు మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు.

మాది చేవెళ్ల పక్కన పల్లె. మేం క్రైస్తవుల్లో మెన్నొనైట్లం. ఈ మాట ఆఫీసులో చెప్పినప్పుడు ఒకతను కంప్యూటర్‌లో అమెరికాలో కరెంటు వాడకుండా బతికే ఆమిష్ వాళ్ల గుర్రబ్బండ్ల బొమ్మలు చూపించి, "మీ ఇంట్లో కరెంటు ఉంటదా?" అని అడిగాడు. వాళ్లూ మేమూ ఒకే వేరు నుంచి వచ్చినవాళ్లమే. వాళ్లు గుర్రబ్బండి దగ్గర ఆగారు, మా తాత పొగ వదిలే లూనా మోపెడ్ మీద షాబాద్ దాకా తిరిగేవాడు. బండ్లు వేరైనా పట్టింపులు ఒకటే. కొట్టినవాణ్ని తిరిగి కొట్టకూడదు. పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వకూడదు. ఎదిగిన మనిషి తనంతట తాను కోరుకోవాలి, నిండా మునగాలి. ఒట్టు అస్సలు పెట్టకూడదు. బడి నుంచి వచ్చి నేను "అమ్మతోడు" అంటే తాత లూనా తుడవడం ఆపి, "అవునంటె అవునను, కాదంటె కాదను. నడుమ మీ అమ్మనెందుకు గుంజుతవ్?" అనేవాడు.

తాత మా సంఘానికి పెద్ద. బాప్తిస్మాలు ఇచ్చేది ఆయనే. చిత్రమేమిటంటే ఆయన ఇంట్లోనే బాప్తిస్మం లేని మనిషి ఉంది, మా అవ్వ. ప్రార్థన మానేది కాదు, పాటకు మొదట లేచే గొంతు ఆమెదే. కానీ చిన్నప్పుడు ఆమె కళ్ల ముందే చెల్లెలు మోటబావిలో పడి చనిపోయింది. ఆ నల్లటి నీళ్లు ఆమె మనసులోంచి పోలేదు. పెళ్లయిన కొత్తలో తాత ఒకసారి అడిగితే "ఇంకా కాదు" అందట. "సరె, ఇగ నేనడుగ. నీకనిపించిన్నాడు నువ్వే చెప్పు" అన్నాడట ఆయన. అంతే, మళ్లీ అడగలేదు. సంఘమంతా రొట్టె పంచుకునే ప్రభువు బల్ల ఆదివారం ఆ రొట్టె కాల్చేది అవ్వే. బాప్తిస్మం లేదు కాబట్టి పళ్లెం తన దగ్గరకు రాగానే ముట్టుకోకుండా పక్కవాళ్లకు అందించేది. ఆ క్షణంలో తాత కళ్లు కిటికీ బయటికి పోయేవి. ఆయనకు డెబ్బై దాటాక ఆ చూపులోని దిగులు నాకు అర్థం కాసాగింది, తాను ఉండగా ఆమె అడుగుతుందా అని.

నేను కాలేజీలో చేరిన ఏడాది నాకూ ఇంకో నలుగురికీ బాప్తిస్మం అనుకున్నారు. ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ మాటే, పొలాల్లో గులాబీల కంటే ప్లాట్ల రాళ్లే ఎక్కువ మొలుస్తున్న రోజులు. వానలు మాత్రం లేవు. మేము మునిగే వ్యవసాయ బావిలో మోకాలి లోతు బురద మిగిలింది. గండిపేట చెరువంటే పట్నం తాగే నీళ్లు, దిగనివ్వరు. అప్పుడు మా నాన్నకు, మేం బాపు అనేవాళ్లం, ఒక ఉపాయం తట్టింది. మొయినాబాద్ రోడ్డు మీద ఆయన మా తోట గులాబీలు సరఫరా చేసే రిసార్టు ఒకటుంది, అందులో ఈతకొలను ఉంది. మేనేజర్ మంచివాడే. "నాకేం ఫికర్ లేదు అంకుల్. గెస్టులు లేవకముందే కానియ్యుండ్రి. కాటన్ బట్టలు మాత్రం వద్దు, ఫిల్టర్ జామైతది. గా బోర్డు సూడుండ్రి" అన్నాడట. ఈతబట్టలు తప్పనిసరి అని ఉన్న ఆ బోర్డు సంగతి ఇంట్లో చెప్పగానే తాత ముఖం చూడాలి. "మన ఆడిపిల్లలు గా చడ్డీలేస్కొని సాక్ష్యం చెప్పాల్నా?" అన్నాడు. లోపలి నుంచి అవ్వ, "పాలిస్టర్ గుడ్డ తెప్పియ్యి, నేను కుడత. గా బోర్డుకు నువ్వు బుగులువడకు" అంది.

ఆ వారమంతా కుట్టుమిషన్ చప్పుడే. మడమల దాకా తెల్లటి అంగీలు. మేము ఐదుగురం. శుక్రవారం ఇస్త్రీ చేయబోతే ఆరు ఉన్నాయి. ఆరోది పొట్టిగా, వెడల్పుగా, అచ్చం అవ్వ కొలతే! "ఇదెవరికి అవ్వా?" అన్నాను. "గుడ్డ మిగిలింది" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ. అబద్ధమూ కాదు, జవాబూ కాదు. నేను అమ్మకు చూపించాను, అమ్మ బాపుకు. బాపు గుమ్మంలోంచే తాతకు సైగ చేశాడు. తాత అంగీ చూశాడు, చేతులు వెనక్కి కట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. "అడగొచ్చు కద నాయినా!" అని బాపు వెంటపడితే, "అడిగితె నాకోసమని దిగుతది. అది బాప్తిస్మమెట్లయితది?" అన్నాడు. ఆ రెండు రోజులు ఇంట్లో అందరికీ పెదవుల చివరి దాకా ప్రశ్న, ఎవరూ అడగరు. అన్నం సయించలేదంటే నమ్మండి.

ఆదివారం తెల్లవారుతూనే ట్రాలీ ఆటోలో పాటలు పాడుకుంటూ పోయాం. గులాబీల వాసన, క్లోరిన్ వాసన కలిసి ముక్కుకు కొత్తగా ఉంది. అవ్వ చేతిలో గుడ్డసంచి. లోపల ఏముందో అందరికీ తెలుసు. నా వంతు వచ్చింది. నీ అంతట నువ్వే కోరుకుంటున్నవా అని తాత అడిగాడు, నేను అవునన్నాను, మునిగాను, లేచాను. ముక్కులోకి నీళ్లు పోయినా సంతోషం ఆగలేదు. కళ్లు తుడుచుకుని చూస్తే అవ్వ గట్టున వంగి నీళ్లలోకి చూస్తోంది. నీలం పలకలు, వాటి మీద మా పాదాలు కూడా తేటగా కనిపిస్తున్నాయి. "కింద నేల కనవడ్తున్నది" అంది, తనలో తనే. ఐదుగురివీ అయిపోయాయి. తాత మెట్ల వైపు తిరిగాడు. అప్పుడు వినిపించింది: "ఏమయ్యా, నన్ను అడగవా?"

అవ్వ తెల్ల అంగీ వేసుకుని వచ్చి, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగింది. తాత అడగవలసిన ప్రశ్న అడిగాడు. "అవును" అంది అవ్వ. వెనక్కి వంచాడు. సగంలో ఆమె ఆయన అంగీ గుంజి పట్టుకుని గబుక్కున లేచేసింది. అందరం "హల్లెలూయ!" అని అరిచాం, మేనేజర్ కూడా చప్పట్లు కొట్టాడు. అవ్వ నెత్తి తడుముకుంది. "ఆగుండ్రి. కాలే. నడినెత్తి పొడిగనే ఉన్నది" అంది. "చాలమ్మా, దేవునికి తెలుసు" అని బాపు అంటే, "నాక్కూడ తెలుసు గద! మల్ల ముంచు" అంది తాతతో. ఈసారి తాత తొందరపడలేదు. ఆమె చేయి సడలేదాకా నిలబడ్డాడు. సడలింది. మునిగింది. నీళ్లు ఆమె మీద పూర్తిగా కలుసుకున్నాయి. లేచినప్పుడు తాత ముఖం మీద ఏవి కొలను నీళ్లో ఏవి కావో నాకు తెలియలేదు. పై అంతస్తులో ఎవరో గెస్టు కిటికీ తెరిచి, "పార్టీ స్టార్టయిందా?" అని అడిగాడు.

ఆ తర్వాతి ప్రభువు బల్లకు పళ్లెం అవ్వ దగ్గర ఆగింది. ఒక ముక్క తీసుకుని, కళ్లు మూసుకుని నమిలింది. తర్వాత నా వైపు వంగి గుసగుసలాడింది: "గింత సప్పగున్నదేందే? ఇన్నేండ్ల సంది ఒక్కలన్న చెప్పలే!" తాత ఈసారి కిటికీ వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ నవ్వుతున్నాడు, భుజాలు కదిలేలాగా.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. రేపు సాయంత్రం మళ్లీ ఆ కొలను దగ్గరికి వెళ్తాం. పిల్ల పై మెట్టు మీదే కూర్చుంటే నేనూ పక్కన కూర్చుంటాను. తాత ఒక్క ప్రశ్న కోసం నలభై ఏళ్లు ఆగాడు. అవి వృథాగా పోయిన ఏళ్లని ఆయన ఎన్నడూ అనుకోలేదు.