ఎర్ర గుర్తు బన్నులు

పిండిలో వేలు పెట్టి అందులో ఏ కొవ్వు పడిందో చెప్పగలిగే మనుషులు లోకంలో ఎంతమంది ఉంటారో తెలియదు గానీ, ఆ పరిశోధన కేంద్రం వంటగదిలో మాత్రం ఒకావిడ ఉండేది. అందరూ బన్నులక్క అనేవాళ్లు. పద్దెనిమిదేళ్లు బేకరీలో పిండి పిసికిన చేతులు ఆవిడవి. చల్లారితే గడ్డకట్టే కొవ్వు కలిపిన పిండి కాసేపటికే బిగుసుకుంటుంది. గింజల నూనె కలిపింది చివరిదాకా మెత్తగా, జారుగా ఉంటుంది. ఇదేం పెద్ద విద్య కాదని ఆవిడ అనుకునేది. అక్కడి డాక్టరమ్మకైతే అలాంటి విద్య ఒకటుందనే తట్టలేదు. కాగితం మీద లేనిది కనపడకపోవడం చదువుకున్నవాళ్లకుండే జబ్బు.

డాక్టరమ్మ చేస్తున్న పరిశోధన ఇది. నలభైమంది మనుషులు ఏడు వారాలపాటు, మామూలు భోజనం కాక, రోజుకు మూడేసి బన్నులు అదనంగా తినాలి. సగంమంది బన్నుల్లో గింజల నూనె, మిగతా సగానికి గడ్డకట్టే కొవ్వు. పిండి, చక్కెర, కేలరీలు అన్నీ సమానం.

"బరువు అందరికీ ఒకేలా పెరగొచ్చమ్మా. పెరిగిన కొవ్వు ఎక్కడికి పోయి కూర్చుంటుందో చూడాలి. చర్మం కిందకా, పొట్టలోకా, కాలేయంలోకా అని" అంటూ డాక్టరమ్మ మొదటి రోజే వివరంగా చెప్పింది.

ఎవరు ఏది తింటున్నారో తినేవాళ్లకూ తెలియకూడదు, వండేవాళ్లకూ తెలియకూడదు. అందుకే రెండింటినీ కరగబెట్టి, ఒకే రకం డబ్బాల్లో పోసి, ఒకదానికి ఎర్ర గుర్తు, ఇంకోదానికి పసుపు గుర్తు అంటించారు. బన్నులక్క మొదటి పూట పిండి కలపగానే అంత గుట్టూ రట్టయింది. గడ్డకట్టేది ఎర్ర గుర్తుది. ఆ సంగతి అప్పుడే చెప్పేయాల్సింది. చెబితే పనిలోంచి తీసేస్తారేమోనని నోరు మెదపలేదు.

ఆవిడకంటూ ఉన్నది ఒక్క తమ్ముడు. బస్సు డ్రైవరు. ముప్పై రెండేళ్లొచ్చినా ఇంట్లో చిన్నోడే. వాడికి ఎనిమిదో ఏట తల్లి పోతే, అప్పటినుంచీ అన్నీ తానే అయి పెంచింది. వచ్చిన సంబంధాలన్నీ వాడి చదువు అయ్యాక, వాడి ఉద్యోగం అయ్యాక అంటూ వెనక్కి పంపేసింది. చివరికి సంబంధాలే రావడం మానేశాయి. ఇక తండ్రి సంగతి. మందు చుక్క ముట్టని మనిషి. అయినా కాలేయానికి కొవ్వు పట్టి, అది గట్టిపడి, యాభై ఏళ్లు నిండకుండానే పోయాడు. చిన్నోడికి వచ్చింది అచ్చంగా తండ్రి పొట్టే. పరిశోధనలో చేరితే స్కానింగులు తీస్తారు, ఆ తర్వాత ఏడాదిపాటు ఉచితంగా వైద్యం చేస్తారు అని బన్నులక్క వాణ్ని కాళ్లావేళ్లా పడి చేర్పించింది.

చీటీ తీస్తే వాడికి ఎర్ర గుర్తు పడింది.

రెండు రోజులు ఆవిడకు ముద్ద దిగలేదు. తండ్రిని మింగింది కొవ్వు, ఇప్పుడు అదే కొవ్వు తన చేత్తో పిసికి తమ్ముడికి పెట్టాలి. డాక్టరమ్మ తనను నమ్మి వంటగది తాళంచెవి చేతిలో పెట్టిన సంగతి ఆవిడ మరిచిపోలేదు. మరిచిపోతే బాగుండేది. మూడో రోజు పసుపు గుర్తు పళ్లెంలోంచి మూడు బన్నులు తీసి, చిన్నోడి పేరున్న ఎర్ర గుర్తు పెట్టెలో పెట్టింది. రెండు రకాల బన్నులూ పైకి ఒకేలా ఉండేవి. ఎవరూ పోల్చుకోలేదు. ఇక రోజూ అలాగే చేయాలనుకుంది.

సాయంత్రం వాడి యూనిఫాం ఇస్త్రీ చేస్తూ సంగతి చెప్పింది.

"ఒరేయ్, నీ పెట్టెలో మంచి నూనెవి పెడుతున్నాను. పక్కవాళ్లతో అనకు. మూడూ నువ్వే తిను."

"నువ్వుండగా నాకేంటే అక్కా!" అన్నాడు చిన్నోడు, ఆవిడ భుజం మీద చెయ్యేసి.

"నాన్న గుర్తున్నాడుగా?"

"ఉన్నాడే బాబూ. తింటానన్నానుగా, ఒట్టు."

ఒట్టుదేముంది, నోట్లోంచి రావడానికి ఎంతసేపు! ఆ పిచ్చి తల్లి మాత్రం దాన్ని గుండెలో దాచుకుని ఏడు వారాలు నిశ్చింతగా నిద్రపోయింది.

ఆఖరి పరీక్షలు అయ్యాక డాక్టరమ్మ ముగ్గురిని గదిలోకి పిలిచింది. బన్నులక్కను, చిన్నోణ్ని, తినే గదిలో చిన్నోడి పక్క కుర్చీలో కూర్చునే టైలరును. బల్ల మీద రెండు స్కానింగు బొమ్మలు పరిచి ఉన్నాయి.

"మీ ఇద్దరిదీ ఎర్ర గుర్తే. ఇద్దరూ సరిగ్గా కిలోన్నర పెరిగారు. కానీ టైలరుగారి కాలేయం మొదట ఎలా ఉందో ఇప్పుడూ దాదాపు అలాగే ఉంది. నీ కాలేయంలో మాత్రం కొవ్వు బాగా పెరిగింది" అంది చిన్నోణ్ని చూసి.

బన్నులక్క ముందుకు వంగి ఆ బొమ్మల్ని చూసింది. పసుపు గుర్తువి తిన్నవాడికి కాలేయం పాడవడమేమిటి?

"అంతకంటే విచిత్రం ఇంకోటుంది. తిన్న కొవ్వు ఏదో రక్తంలో కనబడిపోతుంది. టైలరుగారి రక్తంలో గింజల నూనె ఆనవాళ్లున్నాయి. ఎర్ర గుర్తు తిన్న మనిషికి అవి ఎక్కణ్నుంచి వచ్చాయి?" అంది డాక్టరమ్మ.

పాపం టైలరు, లోపలొకటి పైకొకటి లేని మనిషి. "మేమిద్దరం రోజూ మార్చుకునేవాళ్లమండీ. ఈ తమ్ముడికి నా బన్నులంటే ఇష్టం. ఇద్దరివీ ఎర్ర గుర్తే కదా, తప్పేముంది అనుకున్నాను" అన్నాడు.

"ఇద్దరివీ ఎర్ర గుర్తువే అయితే మార్చుకున్నా తేడా రాకూడదే!" అని డాక్టరమ్మ మెల్లగా, పెట్టెలు సర్దే బన్నులక్క వైపు తిరిగింది.

ఆవిడ నోరు తెరిచేలోపే చిన్నోడు అందుకున్నాడు.

"మా అక్క మార్చిపెట్టిందండీ. నేను అడగలేదు. నాకేం సంబంధం లేదు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే ఆవిడకు ఎక్కువ నొప్పి పుట్టించింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి వినడమే గానీ, తాను పెట్టి పెంచినవాడే ఎదురుగా నిలబడి లెక్కపెడుతుంటే చూడడం అదే మొదలు. వాడు ఆవిడ వైపు చూడనైనా లేదు.

"నిజమేనమ్మా, నేనే మార్చాను. పిండి పట్టుకుంటే ఏది ఏదో నాకు తెలిసిపోయింది" అంది బన్నులక్క.

డాక్టరమ్మ కేకలేయలేదు. వేసి ఉంటే కాస్త నయంగా ఉండేది. "తినేవాళ్లందర్నీ అనుమానించాను. ఒక్కొక్కరినీ పదిసార్లు అడిగాను. నిన్నొక్కదాన్నే ఎప్పుడూ అడగలేదు" అంది. తర్వాత వంటగది తాళంచెవి కోసం చెయ్యి చాపింది.

బయట వరండాలో బన్నులక్క తమ్ముణ్ని ఆపింది. "ఎందుకు మార్చుకున్నావురా? నీకు తెలుసు కదా!"

"నువ్వు పెట్టేవి చప్పగా ఉండేవే. అతనివి కమ్మగా, నోట్లో పెట్టుకుంటే కరిగిపోయేవి. తినాల్సింది నేను కదా!"

"సరే, నాలుక ఆగలేదు. మరి నా పేరెందుకు చెప్పావు?"

"నామీదకొస్తే ఏడాది వైద్యం ఆపేస్తారే. కాలేయం సంగతి విన్నావుగా. నీకైతే ఎక్కడైనా పని దొరుకుతుంది" అన్నాడు వాడు, ఎంతో ఆలోచించి మంచి ఉపాయం పన్నినవాడిలా.

ఆవిడ ఇంటిదారి పట్టింది. ఎవరి కాలేయం కోసమైతే నమ్మినావిడకు ద్రోహం చేసిందో, ఆ కాలేయమూ దక్కలేదు, నమ్మకమూ మిగల్లేదు. ఒక బన్ను రుచికి, ఒక ఏడాది వైద్యానికి ఇరవై నాలుగేళ్ల పెంపకాన్ని అమ్ముకున్నాడు. వాడికి దాన్ని అమ్ముకున్నట్టు కూడా తెలియదు.

ఇంటికొచ్చి వంట చేసింది. చిన్నోడు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, రోజూ కూర్చునే చోట కూర్చున్నాడు.

"ఆకలేస్తోందే అక్కా, పెట్టు."

బన్నులక్క ఒకే ఒక్క పళ్లెం కడిగింది. వేడివేడిగా వడ్డించుకుని, వాడి ఎదురుగానే కూర్చుని, తలవంచుకుని తినసాగింది. ఆ ఇంట్లో తమ్ముడికంటే ముందు ఆవిడ ముద్ద ఎత్తడం తల్లి పోయాక అదే మొదటిసారి.